హైసెన్‌బర్గ్ నోబెల్ ప్రశంసలో హైడ్రోజన్‌కి ఏం పని?

టమోటాబాత్ టీచర్:

నమస్తే అండి అందరికీ. బెంగళూరు కె.ఆర్.పురంలో మా ఇంటి మేడ మీద ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతుంటాను. మాది గుంటూరు, పిల్లల్లో కూడా సగం మంది మనవాళ్లే. నిన్న సాయంత్రం అనిశ్చితత్వ నియమం చెబుతూ మంచి ఊపులో ఉండి, "ఇదిగో, దీనికే హైసెన్‌బర్గ్‌కి నోబెల్ వచ్చింది" అనేశాను. చాప చివర గోడకానుకుని కూర్చునే పిల్ల ఒకతి ఉంది, నోరు విప్పేది నెలకోసారి. అది ఫోన్‌లో చూసి, "మేడమ్, ఇక్కడ అలా లేదు" అంది.

తీసుకుని చూశాను. నిజంగానే లేదు. 1932 బహుమతి క్వాంటం మెకానిక్స్‌ను సృష్టించినందుకట. దాన్ని వాడటం వల్ల, మిగతావాటితో పాటు, హైడ్రోజన్ రూపాంతరాలు బయటపడ్డాయట. అనిశ్చితత్వం అన్న మాటే లేదు!

రూపాంతరాలంటే ఒకే మూలకానికి వేర్వేరు రూపాలు; నాకు తెలిసింది వజ్రం, గ్రాఫైట్, ఎర్ర భాస్వరం, తెల్ల భాస్వరం. హైడ్రోజన్‌కి రూపాంతరాలేంటి? బీఎస్సీలో ఎక్కడో ఒక పేరా చదివిన గుర్తు, అంతే. "రేపు చెప్తాను" అని తప్పించుకున్నాను. ఆ రేపు ఇవాళే. ఆరింటికి క్లాసు. పిల్లలకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

హెబ్బాళ ఫ్లైఓవర్:

డ్యుటీరియం అండి. హెరాల్డ్ యూరీ 1931లో కనుక్కున్నాడు, 1934లో నోబెల్ కూడా వచ్చింది. ఏళ్లు కూడా సరిపోతున్నాయి చూడండి. భారజలం కథ చెప్పేయండి, క్లాసు అయిపోతుంది.

యశ్వంతపూర్ పెద్దాయన:

తమ్ముడూ, తొందరపడ్డావు. డ్యుటీరియం ఐసోటోపు. దాని కేంద్రకంలో న్యూట్రాన్ ఎక్కువ ఉంటుంది, బరువు వేరు. టీచరమ్మ అడిగేది అది కాదు.

అమ్మా, నాది హిందూపురం. బెంగళూరులో ఒక లో టెంపరేచర్ ల్యాబ్‌లో ముప్పై నాలుగేళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఫోన్‌లో తెలుగు టైపింగ్ మనవడు నేర్పాడు, తప్పులుంటే వాడి ఖాతాలో వేసుకోండి. నేను డిగ్రీలున్నవాణ్ణి కాదు, కానీ ఈ హైడ్రోజన్ చేతిలో తిట్లు తిన్నవాణ్ణి. ఆ సంగతి తర్వాత.

హైడ్రోజన్ అణువులో ప్రోటాన్లు రెండు. ఒక్కో ప్రోటాన్‌కి స్పిన్ ఉంటుంది, అంటే చిన్న బొంగరంలా తిరుగుతున్నట్టు ప్రవర్తించే గుణం. రెండు స్పిన్‌లూ ఒకే వైపుంటే ఆ అణువు ఆర్థో. ఎదురుబొదురుగా ఉంటే పారా. బరువు ఒకటే, మండితే వచ్చే నీళ్లూ ఒకటే. మొదటిసారి మా ల్యాబ్‌లో "ఆర్థో ఎంత ఉంది?" అని ఎవరో అడిగితే ఎముకల డాక్టరు ఫీజు అనుకున్నాను.

కథ 1912లో మొదలవుతుంది. బెర్లిన్‌లో నెర్న్‌స్ట్ ల్యాబ్‌లో ఆర్నాల్డ్ ఆయికెన్ అనే ఆయన హైడ్రోజన్‌ని చల్లబరుస్తూ దాని విశిష్టోష్ణం, అంటే ఒక డిగ్రీ వెచ్చబడటానికి ఎంత వేడి కావాలో కొలిచాడు. గది వేడి దగ్గర మోల్‌కి సుమారు 5 కెలోరీలుండేది, 60 కెల్విన్ (సుమారు మైనస్ 213 డిగ్రీల సెల్సియస్) దగ్గరికొచ్చేసరికి 3కి దిగిపోయింది. మీ పిల్లలకు ఇది వెంటనే తడుతుంది: 3 అంటే హీలియం లాంటి ఒంటి పరమాణువు లెక్క. అంటే రెండు పరమాణువుల హైడ్రోజన్ గిరగిరా తిరగడం మానేసి, ఊరికే అటూ ఇటూ పరిగెత్తడం మాత్రమే చేస్తోంది. తిరగడానికి కూడా మెట్లున్నాయి, చలికి మొదటి మెట్టు ఎక్కే ఓపిక లేదు దానికి.

ఇంతవరకు బాగుంది. కానీ 5 నుంచి 3కి దిగే ఆ గీత ఉందే, అది ఎవరి లెక్కకీ లొంగలేదు. 1913లో ఎరెన్‌ఫెస్ట్ ప్రయత్నించాడు. 1919లో రైషె ప్రయత్నించాడు. ఇంకా చాలామంది. 1926 తర్వాత కొత్త క్వాంటం మెకానిక్స్ వచ్చాక మరీ విచిత్రం. ప్రోటాన్ స్పిన్ కూడా కలిపి శుద్ధంగా లెక్కేస్తే 50 కెల్విన్ దగ్గర గీత ఒంగోలు గిత్త మూపురంలా లేవాలి. ఆయికెన్ కొలతల్లో మూపురం లేదు, గుట్ట దిగే బాటలా నున్నగా ఉంది.

ఇక్కడ హైసెన్‌బర్గ్ వస్తాడు. ఒకేలాంటి కణాలు రెండుంటే, వాటిని అటూ ఇటూ మార్చినప్పుడు అణువు ఎలా ప్రవర్తించాలో 1926, 27లో ఆయన తేల్చాడు. హుండ్ అనే ఇంకో జర్మన్ శాస్త్రవేత్త కూడా అదే దారిలో ఉన్నాడు. దాని ప్రకారం హైడ్రోజన్‌లో రెండు కుటుంబాలు. పారావాళ్లు భ్రమణంలో 0, 2, 4 మెట్ల మీదే నిలబడాలి. ఆర్థోవాళ్లు 1, 3, 5 మీదే. ఆర్థో ఎంత చల్లబడినా 1వ మెట్టు కింద దిగలేదు. పూర్తిగా ఆగిపోయే అదృష్టం పారాకే ఉంది.

హుండ్ ఈ రెండు కుటుంబాలనూ పెట్టి ఆయికెన్ గీతను పట్టుకోబోయాడు. గీత కొంత దగ్గరికొచ్చింది గానీ, అందుకోసం వాడిన అంకెలు వర్ణపటం వాళ్లకు నచ్చలేదు. కోపెన్‌హేగన్‌లో తాకెయో హోరి అనే జపాన్ ఆయన హైడ్రోజన్ వర్ణపటం నుంచి అణువు జడత్వ భ్రామకం (దాన్ని తిప్పడం ఎంత కష్టమో చెప్పే అంకె) కొలిచాడు, దానికీ దీనికీ పొంతన లేదు.

తర్వాత వచ్చినవాడు డేవిడ్ డెన్నిసన్, అమెరికన్ కుర్రాడు. 1927 జూన్. అతను వేసిన ఎత్తు వింటే ఇంతేనా అనిపిస్తుంది. చల్లబరిచిన వెంటనే ఆర్థో పారాగా మారిపోతుందని అందరూ అనుకుని లెక్కేస్తున్నారు. డెన్నిసన్, అసలు మారదు అనుకుని లెక్కేశాడు. కనీసం ప్రయోగం సాగే ఆ కాసిన్ని గంటల్లో మారదు. గది వేడిలో మూడు పాళ్లు ఆర్థో, ఒక పాలు పారా ఉంటుంది. అదే పాళ్లతో చలిలోకి పోతుంది. ఎవరి లెక్క వాళ్లకు విడిగా వేసి, చివర్లో మూడుకి ఒకటి చొప్పున సగటు తీశాడు. గీత వెళ్లి ఆయికెన్ చుక్కల మీద కూర్చుంది. హోరి అంకెకీ సరిపోయింది.

మన ఊళ్లలో అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే వాకిలి, ఒకే బావి, కుంపట్లు మాత్రం వేరు. ఈ గ్యాసు సరిగ్గా అలాంటిది. మధ్యాహ్నం మీ వీధిలో వెళ్లే హైడ్రోజన్ సిలిండర్లలో కూడా ఆ వేరు కుంపట్లే ఉంటాయి.

ఈ లెక్కతో పాటు ఇంకొకటి దొరికింది, నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించేది అదే. మూడుకి ఒకటి పాళ్లు రావాలంటే ప్రోటాన్ స్పిన్ అర అయి ఉండాలి, ఎలక్ట్రాన్‌కి ఉన్నట్టే. డెన్నిసన్ తన వ్యాసం చివర అదనంగా కలిపిన చిన్న ముక్కలో ఈ మాట రాశాడు. గ్యాసుకు ఎంత వేడి ఇస్తే ఎంత వెచ్చబడిందో కొలిచిన పాత అంకెల్లోంచి, అణువు లోపల ప్రోటాన్ గుట్టు బయటికొచ్చింది!

లెక్క సరే, విడదీసి చూపించేదెవరు? 1928లో బర్క్‌లీలో జియోక్, జాన్‌స్టన్ హైడ్రోజన్‌ని ద్రవ గాలి చలిలో ఆరు నెలలకు పైగా నిలవ ఉంచారు. ఆవిరి పీడనంలో కొంచెం మార్పు కనిపించింది, అంతే. మరుసటేడు 1929లో బెర్లిన్ డాలెంలో, హాబర్ సంస్థలో, కార్ల్ ఫ్రెడరిక్ బోన్‌హోఫర్, పౌల్ హార్టెక్ అనే ఇద్దరు హైడ్రోజన్‌ని చల్లటి బొగ్గు మీదకు వదిలారు. ఆరు నెలల్లో అటూ ఇటూ కాని పని నిమిషాల్లో అయిపోయింది. ద్రవ హైడ్రోజన్ చలి, అంటే 20 కెల్విన్ దగ్గర బొగ్గు మీంచి వచ్చింది దాదాపు శుద్ధమైన పారా, 99 శాతం పైమాటే. ద్రవ గాలి చలిలో అయితే సగం సగం. ఆయికెన్ కూడా ఊరుకోలేదు, అదే ఏడాది హిల్లర్‌తో కలిసి, ఎక్కువ పీడనంలో చలిలో ఉంచిన హైడ్రోజన్ విశిష్టోష్ణం మెల్లగా మారడం చూపించాడు. పదిహేడేళ్ల కిందట తనే వేసిన చిక్కుముడి మరి!

నోబెల్ సంగతి అదీ. 1932 బహుమతిని ఆపి ఉంచి 1933లో ప్రకటించారు. అప్పటికి ఈ పారా హైడ్రోజన్ కొత్తగా, నిక్కచ్చిగా రుజువైన విషయం. కమిటీవాళ్ల మనసులో ఏముందో నేను చూడలేదు గానీ, నా లెక్క ఒకటే: అనిశ్చితత్వాన్ని సీసాలో పట్టి చూపించలేరు, పారా హైడ్రోజన్‌ని చూపించగలరు.

టమోటాబాత్ టీచర్:

పెద్దాయనా, మీకు శతకోటి దండాలు. డెన్నిసన్ ముక్క రెండుసార్లు చదివాను. మూడుకి ఒకటి ఎందుకో నేను చెప్పుకోగలను: ఒకే వైపున్న రెండు అర స్పిన్‌లు కలిస్తే మూడు రకాలుగా నిలబడొచ్చు, ఎదురెదురైతే ఒకటే రకం. అయితే మా పిల్లలు కచ్చితంగా రెండు అడుగుతారు. రెండూ రంగూ రుచీ లేని గ్యాసులే అయితే, ఇది పారా అని వాళ్లకెలా తెలిసింది? పైగా బొగ్గులో ఏముంది? నాలుగున్నర అయింది, కాఫీ పెట్టుకుని కూర్చున్నాను.

యశ్వంతపూర్ పెద్దాయన:

తీగతో తెలిసింది తల్లీ. సన్నటి ప్లాటినం తీగను గాజు గొట్టంలో బిగించి కరెంటు పంపిస్తే వేడెక్కుతుంది. చుట్టూ ఉన్న గ్యాసు ఆ వేడిని గోడకు మోసుకుపోతుంది. పారాకీ మామూలు హైడ్రోజన్‌కీ విశిష్టోష్ణం వేరు, 150 కెల్విన్ పరిసరాల్లో తేడా బాగా ఉంటుంది. కాబట్టి వేడి మోసే ఓపిక వేరు. తీగ వేడి మారితే దాని నిరోధం మారుతుంది, అది మీటర్‌లో తెలుస్తుంది. గ్యాసు రవ్వంత చాలు. నేనూ అలాంటి సెల్ వాడాను. వీధిలో లారీ వెళ్తే ముల్లు వణికేది, అందుకని రీడింగులు రాత్రి తీసేవాళ్లం.

ఇక బొగ్గు. రెండు ప్రోటాన్లలో ఒకదాని స్పిన్ తిరగబడాలంటే, ఒకదానికి ఒకలాగా పక్కదానికి ఇంకోలాగా ఉండే అయస్కాంత క్షేత్రం కావాలి. రెండింటినీ సమానంగా తోస్తే రెండూ కలిసే తిరుగుతాయి, లాభం లేదు. అణువులు ఒకదాన్నొకటి ఢీకొన్నంత మాత్రాన ఆ క్షేత్రం చాలదు. బొగ్గు ఉపరితలం మీద జత కుదరని ఎలక్ట్రాన్లుంటాయి, వాటికి ఆనుకున్న అణువుకు దగ్గర ప్రోటాన్ మీద లాగుడు ఎక్కువ, దూరపుదాని మీద తక్కువ. పని అయిపోతుంది. మాటల్లేని రెండు ఇళ్లను కలిపే పెళ్లిళ్ల పేరయ్య అనుకోండి. ఆక్సిజన్ కూడా ఈ పని చేస్తుందని 1933లో ఫర్కాష్, సాక్సె చూపించారు, అలా ఎందుకు జరుగుతుందో అదే ఏడాది విగ్నర్ లెక్కేసి చెప్పాడు. ఇంకో దారి కూడా ఉంది, బాగా కాలిస్తే అణువు విడిపోయి మళ్లీ కొత్త జోడీ కట్టడం.

పేరయ్య లేకపోతే మాత్రం పారా చాలా మొండిది. శుభ్రమైన గాజు సీసాలో పెట్టి బల్ల మీద ఉంచితే వారాల తరబడి పారాగానే ఉంటుంది, వెచ్చటి గదిలో కూడా!

బొగ్గు ప్రయోగం చేసిన ఆ ఇద్దరి సంగతీ ఒక్క మాట. 1933లో హిట్లర్ వచ్చాక హాబర్ సంస్థ చెల్లాచెదురైంది. హార్టెక్ కేంబ్రిడ్జి వెళ్లి, 1934లో రూథర్‌ఫర్డ్, ఓలిఫాంట్‌లతో కలిసి ఇంకో హైడ్రోజన్‌ని పట్టుకున్నాడు, అదే ట్రిటియం. బోన్‌హోఫర్ జర్మనీలోనే ఉండిపోయాడు. అతని తమ్ముడు, పాస్టర్ డీట్రిష్ బోన్‌హోఫర్‌ని హిట్లర్‌ని ఎదిరించినందుకు 1945 ఏప్రిల్‌లో ఉరితీశారు. క్లాసులో చెప్పాలో వద్దో మీ ఇష్టం.

నాలుగో ఏడు పీహెచ్‌డీ:

పెద్దాయన రాశాక నేను రాయడానికి పెద్దగా ఏం మిగల్లేదు, కానీ మన రామన్ గారిని వదిలేశారు. రామన్ ప్రభావం, అంటే అణువుల మీద పడి చెదిరిన కాంతిలో కొంత రంగు మారడం, 1928 ఫిబ్రవరిలో బయటపడింది కదా. ఏడాది తిరక్కుండానే టొరంటోలో మెక్లెనన్, మెక్లియాడ్ దాన్ని ద్రవ హైడ్రోజన్ మీద వాడారు. 20 కెల్విన్‌లో అన్ని అణువులూ సున్నా మెట్టు మీదే ఉండాలి, అంటే భ్రమణం తాలూకు రామన్ గీత ఒక్కటే రావాలి. వాళ్లకు రెండొచ్చాయి, సుమారు 354 దగ్గర ఒకటి, 587 దగ్గర ఒకటి (సెంటీమీటరుకు తరంగాల లెక్కలో). రెండోది 1వ మెట్టు మీంచి 3కి ఎగిరే ఆర్థోది. అంత చలిలోనూ ఆర్థో కిందికి దిగకుండా అక్కడే ఉందన్నమాట. డెన్నిసన్ ఊహకి కళ్లకు కనిపించే సాక్ష్యం, అదీ బొగ్గు ప్రయోగం వచ్చిన ఏడాదే.

మీ పిల్లల్లో తెలుగువాళ్లు ఎక్కువన్నారు కాబట్టి ఇంకొకటి. కాంతి చెదరడాన్ని చూసి ఫోటాన్‌కి స్పిన్ ఉందని 1931లో రామన్‌తో కలిసి వాదించిన సూరి భగవంతం గారు మనవారే, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేసి, ఇక్కడి ఐఐఎస్‌సీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) డైరెక్టర్‌గా వచ్చారు. యశ్వంతపూర్ దిక్కున వెళ్తే ఆ చెట్లు, ఆ గేటు ఎలాగూ కనిపిస్తాయి, ఒకరోజు పిల్లల్ని తీసుకెళ్లండి.

నేను ఎన్‌ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాల స్పిన్ సంకేతాన్ని పట్టే పద్ధతి) పనిచేస్తాను, మాకు పారా అంటే బంగారం. దాన్ని వేరే అణువుతో కలిపితే ఎన్‌ఎంఆర్ సంకేతం వేల రెట్లు పెరగొచ్చు. 1986లో బోవర్స్, వైటెక్యాంప్ మొదట లెక్కేసి చెప్పారు, మరుసటేడు చేసి చూపించారు.

హెబ్బాళ ఫ్లైఓవర్:

ఒప్పుకుంటున్నా, డ్యుటీరియం కాదు. పెద్దాయనా, తిట్లు తిన్న సంగతి తర్వాత అన్నారు. అది చెప్పకుండా వెళ్లొద్దు.

టమోటాబాత్ టీచర్:

క్లాసు అయింది! వేరు కుంపట్ల మాట అనగానే ఒకడు "మా తాతగారింట్లో అంతే మేడమ్" అన్నాడు, నవ్వులాగలేదు. చాప చివర పిల్ల ఇవాళ కూడా ఒక ప్రశ్న వేసింది, నా దగ్గర జవాబు లేదు. జేమ్స్ డివార్ 1898లోనే హైడ్రోజన్‌ని ద్రవంగా మార్చాడు కదా, మరి 1929 దాకా ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదట?

యశ్వంతపూర్ పెద్దాయన:

ఆ పిల్లను జాగ్రత్తగా చదివించండమ్మా. దాని ప్రశ్నకీ తమ్ముడి ప్రశ్నకీ జవాబు ఒకటే.

ఆర్థో పారాగా మారేటప్పుడు వేడి వదులుతుంది. మామూలు హైడ్రోజన్ కిలో మొత్తం పారాగా మారితే 500 కిలోజౌళ్లు దాటి వస్తుంది. అదే కిలో ద్రవ హైడ్రోజన్‌ని ఆవిరి చేయడానికి 450 కిలోజౌళ్లు చాలు. అంటే మూతపెట్టిన పాత్రలో, బయటి వేడి చుక్క కూడా రాకపోయినా, అది తన వేడికి తనే ఉడికి పోతుంది. కాకపోతే మెల్లగా. మొదట్లో గంటకు ఒక శాతం లెక్కన ఎగిరిపోతుంది, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. డివార్ మొదట చేసిన ద్రవ హైడ్రోజన్ కాసిన్ని మిల్లీలీటర్లే. బయటి వేడికే అది ఎలాగూ ఆవిరైపోయేది. అందులో ఇంకో శాతం ఎటు పోయిందో ఎవరు పట్టించుకుంటారు? టన్నుల్లో నిలవ చేయాల్సిన రోజులొచ్చాక నొప్పి తెలిసింది. అందుకే ఇప్పుడు రాకెట్ల కోసం ద్రవం చేసేటప్పుడే దారిలో ఉత్ప్రేరకం పెట్టి ముందే పారా చేసేస్తారు.

మా దగ్గర చిన్న యంత్రం ఉండేది. అందులో ఐరన్ ఆక్సైడ్ గుళికలు, చూడ్డానికి చితగ్గొట్టిన ఇటుక ముక్కల్లా ఉంటాయి. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఒక శుక్రవారం డివార్ (ఆయన పేరే పెట్టిన థర్మాస్ లాంటి పాత్ర) నింపి వెళ్లాం. సోమవారం పొద్దున వచ్చి చూస్తే సగానికి సగం లేదు. వాక్యూమ్ పోయిందేమోనని ముందు పాత్ర ఒళ్లంతా తడిమాను. వాక్యూమ్ పోతే పైన మంచు కడుతుంది. చుక్క తడి లేదు, పొడిగా, గోరువెచ్చగా ఉంది. బయటికి వెళ్లే గొట్టం దగ్గర గ్యాస్ మీటర్ మాత్రం రికార్డు ప్లేయర్‌లా తిరుగుతోంది. జాయింట్లన్నింటికీ సబ్బు నీళ్లు పూశాను. ఒక్క బుడగ రాలేదు. మా పెద్ద సారు వచ్చి, నింపడం చేతకాదా అని అందరి ముందూ కడిగేశారు. నిజానికి నింపడం బాగానే నింపాను. రెండ్రోజులు ఆ పాత్రను అమ్మిన కంపెనీని తిట్టుకున్నాం.

బుధవారం ఒక సీనియర్ తీగ సెల్‌లో పెట్టి కొలిస్తే ఆర్థో దాదాపు మొత్తం అలాగే దిగిందని తేలింది. గుళికలు పనిచేయలేదు. ఆ గుళికలు గాల్లో తేమ పీలిస్తే చచ్చిపోతాయి, వాక్యూమ్‌లో వేడి చేసి మళ్లీ బతికించాలి. ఎవరు తేమ పట్టించారని పెద్ద విచారణ. స్టోర్స్ వాళ్ల మీద అనుమానం, పాపం వాళ్లు నెల రోజులు సంజాయిషీలు రాశారు.

ఆ గుళికలు వేసిన గురువారం బెంగళూరులో మధ్యాహ్నం నుంచీ వాన. నేను సీసా మూత తీసి బల్ల మీద పెట్టి, యశ్వంతపూర్ సర్కిల్ దగ్గర బై టూ కాఫీకి వెళ్లాను. వాన తగ్గేదాకా గంటన్నర అక్కడే నిలబడ్డాను. పెద్ద సారు పోయి పన్నెండేళ్లయింది. స్టోర్స్‌లో ఉన్నాయన మా వీధిలోనే ఉంటాడు, రోజూ పార్కులో కలుస్తాం. ఆయనకు ఇంకా చెప్పలేదు.